ముప్పై నాలుగు చేతులు

జనవరి 1, సోమవారం

ప్లాట్లు అమ్మే మా శ్రీశైలం అన్న ఇచ్చిన డైరీ ఇది. ప్రతి నెల మొదట్లో ఒక వెంచర్ మ్యాపు ఉంది. జనవరికి మోకిల, ఫిబ్రవరికి జన్వాడ. డైరీతోపాటు ఒక డబ్బా విజిటింగ్ కార్డులు కూడా చేతిలో పెట్టాడు. ఒకవైపు మహేశ్వర్ అని నా పేరు, కింద 'మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్'. నన్ను అడగకుండానే అచ్చు వేయించాడు. రెండోవైపు ఖాళీ.

"జూన్ల మీ బడి ఇంగ్లీష్ మీడియం అయితదంట గద తమ్మీ. నిన్ను ఉంచుతరా?"

"ఉంచుతరు."

"ఏం జూసి?"

ఆ ప్రశ్నకు జవాబు రాయడానికే డైరీ మొదలుపెట్టాను. ఈ పేజీలో ఇంకా చాలా ఖాళీ ఉంది. రేపు చూద్దాం.

జనవరి 3, బుధవారం

సెలవులు అయ్యాయి. హాల్లో పశువులపాక, బాలయేసు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక గొర్రెకు కాలు విరిగింది. సిస్టర్ శౌరీలమ్మ దాన్ని గమ్‌తో అతికిస్తూనే మీటింగు పెట్టారు. ఆమె మా హెడ్‌మిస్ట్రెస్. గుంటూరు వైపు మనిషి. గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. అవసరం పడదు.

విషయం ఇది. జూన్ నుంచి అన్ని తరగతులూ ఇంగ్లీషులోనే. తల్లిదండ్రులు సంతకాలు పెట్టి మరీ అడిగారు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ప్రతి ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పెరుగుతున్నాడు, వాడిని తెలుగులో చెడగొట్టవద్దు. ఫిబ్రవరి ఇరవైన ఈ సిస్టర్ల సభ తరఫున బెంగళూరు నుంచి సిస్టర్ ఫిలోమినా వస్తారు. నేను ఇంగ్లీషులో ఒక పాఠం చెప్పాలి, ఆమె చూడాలి. ఆమె సరే అంటే జూన్‌లో నేను ఉంటాను. అనకపోతే ఉండను.

"భయపడకండి మాస్టారూ. నలభై నిమిషాలే. ఆమెకు పిల్లలు చేతులెత్తే క్లాసంటే ఇష్టం" అన్నారు సిస్టర్.

నేను భయపడలేదు.

జనవరి 5, శుక్రవారం

పాఠం ఎంచుకున్నాను. నీళ్లు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అన్నీ 'నో'లే కాబట్టి నోరు తిరుగుతుంది.

మా క్లాసు సమత రాలేదు. వాళ్ల నాయన కొమురయ్య సైకిలు మీద వచ్చి గేటు దగ్గరే నిలబడి చెప్పాడు. "పోరికి అమ్మవారు వోసింది సార్. పదిహేను దినాలు రాదు." జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌కు ఆయన వాచ్‌మన్. వాళ్లు అక్కడే ఉంటారు.

ఈ సమతది ఎడమచేతి వాటం. జూన్‌లో చేరినప్పుడు ఎడమచేత్తో రాసేది. దసరా లోపల కుడికి మార్పించాను. అక్షరాలు కోడి కెలికినట్టే ఉన్నాయి, కానీ కుడిచేతివి. పన్నెండేళ్ల ఉద్యోగంలో నేను చెప్పుకోదగ్గ పనుల్లో ఇదొకటి. మిగతావి గుర్తు వచ్చినప్పుడు రాస్తాను.

జనవరి 8, సోమవారం

ఈ రోజు క్లాసుకు సూత్రం చెప్పాను. పాఠం అడిగేటప్పుడు అందరూ చేతులెత్తాలి. తెలిసినవాళ్లు కుడిచేయి, తెలియనివాళ్లు ఎడమచేయి. నేను కుడిచేతులనే పిలుస్తాను.

ఇది నేను కనిపెట్టింది కాదు. చిన్నప్పుడు ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున మా సారు మాకు నేర్పింది. ఆ రోజుల్లో నాది ఎప్పుడూ ఎడమచేయే. ఎంత హాయిగా ఉండేదో. చేయి గాలిలో, మనసు గోలీల దగ్గర. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లనే నేను చదువు మీద ద్వేషం లేకుండా పెరిగి టీచర్‌నయ్యాను. ఈ పిల్లలకు కూడా అదే మేలు చేస్తున్నాను.

అభిలాష్ లేచాడు. ఎంపీటీసీ గారి మనవడు. "సార్, సగం తెలిస్తే?"

"కుడిచేయి సగం లేపు" అన్నాను. నవ్వారు. వాడు నిజంగానే సగం లేపాడు.

జనవరి 11, గురువారం

ముప్పై మూడు చేతులు లేచాయి. కిటికీలోంచి చూస్తే కాశ్మీరంలో పూలతోటలా ఉంటుందనుకుంటాను. నేను కాశ్మీరం చూడలేదు.

జనవరి 22, సోమవారం

సమత వచ్చింది. ముఖం నిండా మచ్చలు. పిల్లలకు అంటుకుంటుందేమోనని చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. ఆరిపోయిన మచ్చలు అంటుకోవని ఆయా పెంటమ్మ చెప్పింది. చెప్పినా అక్కడే ఉంచాను, ఎందుకైనా మంచిదని.

ఇప్పుడు ముప్పై నాలుగు చేతులు. సమతది ఎడమచేయి. పాపం, రెండు వారాల పాఠం పోయింది కదా.

జనవరి 24, బుధవారం

సమత ఎడమచేయి.

జనవరి 29, సోమవారం

సమత ఎడమచేయి. కొన్ని తలకాయలు అంతే. కుడిచేత్తో రాయడం నేర్పగలిగాను, అంతకన్నా నా చేతిలో ఏముంది?

నా ఇంగ్లీషు బాగానే సాగుతోంది. పదకొండు వాక్యాలు వచ్చాయి. వరసగా చెబితేనే వస్తాయి. మధ్యలో ఎవరైనా తుమ్మితే మళ్లీ మొదటి నుంచి.

ఫిబ్రవరి 3, శనివారం

చేవెళ్లలో క్విజ్ పోటీ. బాగా కుడిచేయి లేపే ముగ్గురిని ఏరి తీసుకుపోయాను, అభిలాష్ లీడరు. నాలుగు బళ్లు రావాలి, మూడే వచ్చాయి. మాకు మూడో బహుమతి. కప్పు చిన్నదే గానీ మెరుస్తుంది.

జిల్లాలో పెద్ద చెరువులేవని అడిగితే మావాళ్లు "నీటికి రంగు లేదు" అని ఇంగ్లీషులో చెప్పారట. తప్పేమీ లేదు, నిజంగా లేదు కదా.

సిస్టర్ కప్పును అద్దాల బీరువాలో పెట్టించారు. "ఎంతమందిలో మూడో స్థానం మాస్టారూ?" అని అడిగారు.

"గట్టి పోటీ సిస్టర్" అన్నాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

శ్రీశైలం అన్న బండి మీద ఎక్కించుకుని జన్వాడ తీసుకుపోయాడు. "ఊకె చూడురా, చూస్తె ఏం బోతది." తెల్లరాళ్లు పాతిన పొలం. అందులో నిలబడి నేను ఏం మాట్లాడాలో చెప్పాడు. ఇటు రోడ్డు, అటు రోడ్డు, పదేండ్లలో ఇదంతా సిటీ. ఒకసారి నా నోటితో చెప్పించాడు. మంచిగనే చెప్పావన్నాడు. నాకు భయమేసింది, ఎందుకంటే నిజంగానే మంచిగ చెప్పాను.

వచ్చేటప్పుడు ఒక ఫామ్‌హౌస్ గేటు దగ్గర కొమురయ్య కనిపించి సలాం చేశాడు. లోపల సమత దూడంత కుక్కతో మాట్లాడుతోంది. ఇంగ్లీషులో. కూర్చో, లే, అది వదిలెయ్, బురదలోకి పోకు అని నేను చెప్పానుగా అంటోంది. కుక్క వింటోంది.

"కుక్కకు తెలుగు రాదా?" అని అడిగాను.

"రాదు సార్" అన్నాడు కొమురయ్య. "సేట్ల పిల్లలు శని ఆదివారాలు వస్తరు. ఈ పోరి వాళ్లతోనే ఆడుతది. నాకేమో కుక్కను పిలుసుడు రాదు, ఇదే పిలవాలె."

అన్న నవ్వి నవ్వి బండి ఆపాడు. నేనూ నవ్వాను. కుక్కలకు చెప్పే నాలుగు మాటలు వేరు, పాఠం వేరు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

శివరాత్రి. ఒక్కపొద్దు ఉండి పాఠం అప్పజెప్పాను. అరుణశ్రీ మంచం మీద కూర్చుని కాగితం పట్టుకుంది. మా ఆవిడ పదో తరగతి వరకు చదివింది.

"ఏడోది ఎగ్గొట్టిన్రు" అంది.

"ఏడోది ఏంది?"

కాగితం చూడకుండానే చెప్పింది. ఎనిమిదోది కూడా చెప్పింది. చివరిదాకా చెప్పింది.

"పోనీ ఇరవై తారీకున నేను వస్త. మీరు ఇంట్ల పప్పు పెట్టుండ్రి" అంది.

ఫిబ్రవరి 19, సోమవారం

ఆఖరి రిహార్సల్. ఇరవై ఒక్క కుడి, పదమూడు ఎడమ. సమత ఎడమచేయి. ఈ పిల్ల అందరికన్నా ముందు లేపుతుంది. తెలియనప్పుడు అంత తొందరెందుకో.

ఫిబ్రవరి 20, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరూ చదవరు కదా.

సిస్టర్ ఫిలోమినా పొట్టి మనిషి, చేతిలో చిన్న నోటుబుక్కు. ఆమె కుర్చీ చివర వేయించింది నేనే, ముఖం కనిపించకపోతే ధైర్యంగా ఉంటుందని. ఆ చివరి బెంచీలో ఎవరుంటారో ఆలోచించలేదు.

పదకొండు వాక్యాలూ తుమ్ములు లేకుండా పోయాయి. ప్రశ్నలు వేశాను. ముప్పై నాలుగు చేతులు లేచాయి. కుడిచేతులను పిలిచాను, వాళ్లు గంట కొట్టినట్టు జవాబులు చెప్పారు. సిస్టర్ ఫిలోమినా నవ్వుతున్నారు. వరండాలో సిస్టర్ శౌరీలమ్మ నిలబడి చూస్తున్నారు. పదిహేను నిమిషాల్లో అంతా అయిపోయింది. మిగతా ఇరవై అయిదు నిమిషాలకు నా దగ్గర వాక్యాలు లేవు.

అప్పుడు ఆమె లేచి తనే అడిగారు. మీ ఇంట్లోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అంత సులువు ప్రశ్న నేను ఊహించలేదు. పిల్లలు అలవాటు కొద్దీ చేతులెత్తారు. కుడీ ఎడమా ముప్పై నాలుగూ. ఆమె అభిలాష్‌ను పిలిచారు.

"వాటర్ హ్యాజ్ నో కలర్ సిస్టర్" అన్నాడు.

ఇంకో పిల్లను పిలిచారు. దానికి వాసన లేదని ఆ పిల్ల చెప్పింది. మూడోవాడికి రుచి మిగిలింది.

ఆమె నవ్వు తగ్గింది. చేతుల వంక చూశారు. కొందరు ఎడమచేయి ఎందుకు ఎత్తుతున్నారని నన్ను అడిగారు.

"లెఫ్ట్ ఆల్సో హ్యాండ్ ఓన్లీ సిస్టర్" అన్నాను.

అది నేను సొంతంగా కట్టిన మొదటి ఇంగ్లీషు వాక్యం.

ఆమె పక్కన సమత ఎడమచేయి ఇంకా దించలేదు. మొదటి నుంచీ దించలేదట. ఆమె చెబితే నాకు తెలిసింది. ఈ పాపను అడుగుతానన్నారు. "షీ నో సిస్టర్. షీ ఫీవర్" అని అడ్డం పోయాను. అయినా అడిగారు.

సమత లేచి నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. మేముండే ఫామ్‌హౌస్‌లో బోరు ఉంది, నీళ్లు గడ్డికి కూడా పోస్తారు. షాబాద్ పక్కన మా అవ్వ ఊళ్లో రెండు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. అవ్వ తెల్లవారకముందే బిందె లైన్లో పెట్టి, దాని మీద తన చెప్పులు పెట్టి వస్తుంది, బిందె ఎవరిదో తెలియాలని. ఒకసారి ఎవరో చెప్పులు తీసుకుపోయి బిందె వదిలేశారు. సిస్టర్ ఫిలోమినా పగలబడి నవ్వారు. ఇంకేదో అడిగారు, సమత ఇంకేదో చెప్పింది. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను సుద్దముక్క పట్టుకుని అర్థమైనవాడిలా తల ఊపుతూ నిలబడ్డాను.

చివరికి ఆమె నా వైపు తిరిగారు. ఇంత బాగా చెప్పే పిల్లను మీరు ఒక్కసారి కూడా ఎందుకు పిలవలేదు?

"ఐ కీప్ హర్ లాస్ట్ సిస్టర్. బెస్ట్ ఈజ్ లాస్ట్."

నెల రోజులుగా నోరు తిరగని భాషలో అబద్ధం ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఆమె దాన్ని నోటుబుక్కులో రాసుకున్నారు.

ఫిబ్రవరి 21, బుధవారం

విభూది బుధవారం. ఫాదర్ వచ్చి అందరి నుదుట బూడిదతో సిలువ గీశారు. మా పిల్లల్లో ముప్పాతిక మంది శివరాత్రికి అడ్డంగా పెట్టుకున్నవాళ్లే, ఈ రోజు సిలువగా పెట్టించుకున్నారు. నేనూ లైన్లో నిలబడ్డాను. ఏటా నిలబడతాను. మట్టివి, మళ్లీ మట్టిలో కలుస్తావని ఫాదర్ ఒక్కొక్కరికే చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు కొంచెం గట్టిగా చెప్పారనిపించింది. అనిపించడమే.

ఇంటర్వెల్‌లో సమత నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, నేను రోజు లేపిన. నన్నెందుకు అడగలే?"

"టైం సరిపోలేదమ్మా."

"రోజు సరిపోలేదా?"

అభిలాష్ పక్కనే ఉన్నాడు. "నీకెర్క లేదా? కుడిచెయ్యి అంటె వచ్చినోళ్లు. ఎడమచెయ్యి అంటె రానోళ్లు. నీకు రాదనుకున్నడు సార్."

సమత వాడిని చూసింది, నన్ను చూసింది. "నాకెవ్వరు చెప్పలే" అంది. అవును, సూత్రం చెప్పిన రోజు ఆ పిల్ల అమ్మవారితో ఇంట్లో ఉంది. "మీరు కుడిచేత్తో రాయుమన్నరు, రాస్తున్న. లేపుడు గురించి ఏం చెప్పలే."

గంట కొట్టారు. గంట కొట్టినందుకు పెంటమ్మకు మనసులో దండం పెట్టాను.

ఫిబ్రవరి 22, గురువారం

సమత చేయి లేపలేదు. ఏదీ.

ఫిబ్రవరి 23, శుక్రవారం

లేపలేదు. నీరసంగా ఉందేమో.

ఫిబ్రవరి 26, సోమవారం

లేపలేదు. పేరు పెట్టి పిలిచాను. లేచి "తెల్వదు సార్" అని కూర్చుంది. అడిగింది వాళ్ల నాయన పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారని.

జనవరి అయిదున రాసిన పేజీ తీసి చూశాను. 'ఎడమచేతి వాటం' అని నా అక్షరాలే. గుండ్రంగా, అందంగా ఉన్నాయి. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా డైరీ ఉంచలేదు. అన్నకు డైరీ వాపసు ఇచ్చేస్తే బాగుండును.

మార్చి 1, గురువారం

బెంగళూరు నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ నుంచి నేను ఉండవచ్చు. మహేశ్వర్ గారి ఇంగ్లీషు బలహీనం, కానీ వెనక బెంచీ పిల్లను ఓపికగా తయారుచేసి చివరిదాకా దాచిన పద్ధతి మెచ్చుకోదగ్గది అని రాశారు. సిస్టర్ శౌరీలమ్మ దాన్ని తెలుగులో చదివి వినిపించారు. చదివేటప్పుడు నా ముఖం చూడలేదు.

అరుణశ్రీ సేమియా చేసింది. అన్న ఫోను చేశాడు. "అయితె కార్డులు వేస్టేనా?"

"ఉండనీ" అన్నాను.

మార్చి 2, శుక్రవారం

సంతోషంగా ఉన్నాను. సమత లేపలేదు.

మార్చి 5, సోమవారం

సిస్టర్‌కు చెప్పేశాను. కుడిచేయి, ఎడమచేయి, దాచింది లేదు, తయారుచేసింది లేదు, అన్నీ. ఆమె ఆ విరిగిన గొర్రెను మళ్లీ అతికిస్తున్నారు. నిలవడం లేదట.

"నాకు తెలుసు మాస్టారూ" అన్నారు. "వరండాలో నిలబడి లెక్కపెట్టాను. పదమూడు ఎడమచేతులు. అంతమంది ఎడమచేతి వాటం పిల్లలు ఒక్క క్లాసులో నేనెక్కడా చూడలేదు."

"మరి మీరెందుకు చెప్పలేదు సిస్టర్?"

"మీరు చెబుతారేమోనని."

"చెప్పకపోతే?"

"జూన్ దాకా చూసేదాన్ని." గొర్రెను కిటికీలో ఎండకు పెట్టారు. "నాకు చెబితే ఏమొస్తుంది? పుస్తకంలో రాసుకున్నది ఆవిడ. ఆవిడకు రాయండి."

"ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు."

"తెలుగులో రాయనా?"

"ఆవిడకు తెలుగు రాదండీ."

మార్చి 7, బుధవారం

అబద్ధం చెప్పడానికి నాలుగు మాటలు చాలాయి. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇంటి నిండా కాగితాలు. మొదటిది ఇలా వచ్చింది: 'గౌరవనీయులైన సిస్టర్, నేను బెస్ట్ కాదు, లాస్ట్ కాదు.' రెండోదాంట్లో సమత నన్ను దాచినట్టు వచ్చింది. మూడోదాన్ని అరుణశ్రీ చదివి, "ఇందుల చేతులు నరికినట్టు ఉన్నది, జర చూడుండ్రి" అంది.

మార్చి 9, శుక్రవారం

ఆరు వాక్యాలు. చిన్నచిన్నవి. తెలిసినవాళ్లతో కుడిచేయి, తెలియనివాళ్లతో ఎడమచేయి ఎత్తించాను. ఆ పిల్లది ఎడమచేతి వాటం. నేను ఆమెను తెలివిలేనిది అనుకున్నాను. నేను ఆమెకు ఏమీ నేర్పలేదు. మీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఆ పిల్ల చేయి ఎత్తడం లేదు.

చివరి వాక్యం అవసరమా అని అరుణశ్రీని అడిగాను.

"మీరు ఉత్తరం రాసేదే దానికోసం గదా" అంది.

మొయినాబాద్ పోస్టాఫీసు డబ్బాలో వేశాను. వేశాక చెయ్యి లోపలికి పోతుందేమో చూశాను. పోలేదు.

మార్చి 12, సోమవారం

సూత్రం రద్దు చేశాను. "తెలిస్తేనే లేపండి. ఏ చేయైనా సరే."

"తెల్వకపోతె ఏం జేయాలె సార్?" అన్నాడు అభిలాష్.

"ఏం చేయొద్దు."

"ఊకె కూసోవాల్నా?"

"అవును."

"ఎప్పటిదాంక?"

ప్రశ్న అడిగాను. నాలుగు చేతులు. రెండు నెలలు పూలతోటలా ఉన్న క్లాసు కోత అయిపోయిన చేనులా ఉంది. రిహార్సల్‌లో నేను చూసిన ఇరవై ఒక్క కుడిచేతుల్లో ఎన్ని నాకోసం లేచాయో ఇప్పుడు తెలిసింది.

సమత నోటుబుక్కులో గీతలు గీస్తోంది.

మార్చి 19, సోమవారం

జవాబు వచ్చింది. రెండే లైన్లు. ఉత్తరం అందింది. ఇరవై ఏడున మళ్లీ వచ్చి అదే క్లాసు చూస్తాను, ఆ తరవాతే నిర్ణయం.

నేను భయపడుతున్నాను.

మార్చి 27, మంగళవారం

కుర్చీ ఈసారి ఆమే చివర వేసుకున్నారు.

పాఠం బట్టీ పట్టలేదు. పట్టాలని కూర్చున్నాను, అరుణశ్రీ కాగితం లాగేసుకుంది. బోర్డు మీద చేదబావి బొమ్మ గీశాను. గీయడం నాకు వచ్చు. ఒక్కో భాగం చూపించి ఇంగ్లీషులో పేరు అడిగాను. గోడకు ఆరు చేతులు. తాడుకు అయిదు. బకెట్‌కు మాత్రం చాలా లేచాయి, బకెట్ అందరిదీ కదా. మధ్యమధ్య తెలుగు కలిసింది. సిస్టర్ ఫిలోమినా ఏమీ రాసుకోవడం లేదు. రాసుకుంటే బాగుండుననిపించింది.

పైన గిరక గీశాను. దాన్ని చూపించి అడగబోయి ఆగాను. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు.

బొమ్మ గీసేముందే ఆలోచించాల్సింది. మా ఇంటి బావికి గిరక ఉండేది, ఇరవై ఏళ్లు దాంతో నీళ్లు తోడాను. దానికి ఇంగ్లీషు అవసరం ఎప్పుడూ రాలేదు. క్లాసు చూస్తోంది. ఒక్క చేయీ లేవలేదు. చివరి నుంచి బెంగళూరు చూస్తోంది. డస్టర్ తీసుకుని గిరకను చెరిపేద్దామనుకున్నాను, నిజం చెప్పాలంటే డస్టర్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

దాన్ని టేబుల్ మీద పెట్టి ఎడమచేయి పైకెత్తాను.

పిల్లలకు ఒక్క క్షణం పట్టింది. ముందు అభిలాష్‌కు వెలిగింది. "సారుకు రాదురో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను చేయి దించలేదు. చంక దగ్గర చొక్కా చిరుగు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అయినా దించలేదు.

నవ్వు సద్దుమణిగాక చివరి బెంచీలో ఒక చేయి లేచింది. ఎడమది. పూర్తిగా కాదు, మోచేయి బెంచీ మీదే ఉంది.

"చెప్పు సమతా."

"పుల్లీ సార్. మా ఫామ్‌హౌస్ల ఉన్నది."

"నీళ్లు తోడుతరా దాంతో?"

"లే సార్. బావిల నీళ్లు లెవ్వు. దాని పక్కకు నిలవడి ఫొటోలు దిగుతరు."

ఈ సంగతి ఆ పిల్లే సిస్టర్ ఫిలోమినాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆమె ఇదివరకటిలా నవ్వలేదు. కొంచెమే నవ్వారు.

బయటికి వచ్చాక ఆమె సిస్టర్ శౌరీలమ్మతో ఏదో చెప్పారు. సిస్టర్ నాకు తెలుగులో చెప్పారు. "పోయినసారి ముప్పై నాలుగు చేతులు చూశాను, ఈసారి బకెట్ వదిలేస్తే ఎక్కువగా చూసింది ఆరే, ఆ ఆరూ నిజమేనా అని అడుగుతున్నారు."

"నిజమే సిస్టర్" అన్నాను. కాస్త ఆగి, "అభిలాష్‌ది సగం" అన్నాను.

అది ఆమెకు ఇంగ్లీషులో ఎలా చెప్పారో తెలియదు. కారు ఎక్కేముందు నాతోనే అన్నారు, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేటట్టు. ఏప్రిల్, మే రెండు నెలలూ హైదరాబాద్ కాన్వెంటులో టీచర్లకు ఇంగ్లీషు క్లాసు ఉంది, మీ పేరు రాశాను. జూన్‌లో వచ్చి ఈ క్లాసులోనే కూర్చుంటాను. పన్నెండు చేతులు చూడాలి.

మార్చి 30, శుక్రవారం

అన్న వచ్చి కార్డులు అడిగాడు. ఖర్చయ్యాయని చెప్పాను. అంత మందికి పంచావా అని మురిసిపోయాడు.

అవి క్లాసులో ఉన్నాయి. వెనకవైపు ఖాళీ కదా. పిల్లలకు పంచి, ఇంట్లో, చేలో కనిపించే వస్తువు ఒకటి గీసి, కింద ఇంగ్లీషు పేరు రాయమన్నాను. తెలియకపోతే ఖాళీ వదిలేయమన్నాను. చాలా ఖాళీలు వచ్చాయి. నాకు కూడా తెలియనివి పదిహేడు. హైదరాబాద్ తీసుకుపోయి అడగాలి.

సమత గిరక గీసింది. దాని పక్కన ఫొటో దిగుతున్న కుక్కను కూడా గీసింది. కింద పేరు ఎడమచేత్తో రాస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. నన్ను చూసి పెన్సిలు కుడిచేతికి మార్చబోయింది.

"రాయి" అన్నాను.

అక్షరాలు నిటారుగా, గుండ్రంగా వచ్చాయి. నావాటికంటే బాగున్నాయి. ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.